చట్రం వాళ్లది, బాడీ మనది

లారీ కొన్నవాడికి ఒకప్పుడు కంపెనీ పూర్తి లారీ ఇచ్చేది కాదు. ఇంజను, గేర్‌బాక్సు, రెండు పొడవాటి ఇనుప దూలాల చట్రం, చక్రాలు, ముందు రేడియేటరు, స్టీరింగు, అంతే. దాని మీద ఒక చెక్కపెట్టె కట్టుకుని, తలకు తువ్వాలు చుట్టుకుని, మద్రాసు నుంచి గోదావరి జిల్లాల దాకా ఎండకీ వానకీ ఎదురుగా ఆ మొండి చాసిస్‌ని తోలుకొచ్చేవాళ్లు డ్రైవర్లు. అది లారీ అయ్యేది ఇక్కడికొచ్చాకే. వడ్రంగి, కమ్మరి, టింకరింగు మేస్త్రీ, పెయింటరు తలో చెయ్యీ వెయ్యాలి.

బెడ్‌ఫోర్డు, లేలాండు, ఆల్బియన్ లాంటి బ్రిటిష్ బళ్ల చరిత్ర రాసినవాళ్లు ఇంజన్ల గురించి పేజీలకు పేజీలు రాశారు. బాడీ కట్టిన చేతుల గురించి రాసింది తక్కువ. మన వైపు కట్టిన చేతుల గురించి నేను చదివింది దాదాపు ఏమీ లేదు. అందుకే ఈసారి గోదావరి ప్రయాణం గుళ్ల కోసం కాకుండా బాడీ షెడ్ల కోసం పెట్టుకున్నాను. రామచంద్రపురంలో పాత చెక్క బాడీలు కట్టిన మేస్త్రీ ఒకాయన ఉన్నాడని, ఓ లేలాండు కామెట్ లారీ ఇంకా చట్రంతో సహా మిగిలి ఉందని ఒక మిత్రుడు చెప్పాడు.

రాజమండ్రిలో దిగి ముందు ధవళేశ్వరం వెళ్లాను. ఈ నేల మీద బరువులు మోసిన కథ అక్కడే మొదలవుతుంది. ఆర్థర్ కాటన్ 1847 నుంచి 1852 దాకా ఆనకట్ట కట్టినప్పుడు కొండరాయిని పట్టాల మీద బళ్లలో ఏటి ఒడ్డుకి చేర్చి, అక్కణ్ణుంచి పడవల్లో తీసుకెళ్లి నీళ్లలో దింపారు. ఆ తర్వాత తవ్విన కాలువలు పొలాల తడికే కాదు, పడవల రాకపోకలకీ పనికొచ్చేలా లాకులతో కట్టినవి. ధాన్యం, కొబ్బరి, కలప, సున్నం అన్నీ దశాబ్దాల పాటు కాలువల మీదే నడిచాయి. డెల్టాలో లారీ ఆలస్యంగా నిలదొక్కుకుందంటే కారణం పడవ అంత బాగా పనిచేయడమే అని నా అభిప్రాయం.

ద్వారపూడి మీదుగా మండపేట, మండపేట నుంచి రామచంద్రపురం. బస్సు కిటికీలోంచి చూస్తుంటే రోడ్డుకి రెండు పక్కలా రైసు మిల్లులు, ఇటుక బట్టీలు, మధ్యలో లారీ వర్క్‌షాపులు. ఒకచోట కమాను కట్టలు విప్పి నేల మీద పేర్చారు, ఇంకోచోట కొత్త చాసిస్ మీద వెల్డింగు నిప్పులు రాలుతున్నాయి. మండపేట దాటేదాకా టిప్పర్లు మా బస్సుని ఓవర్‌టేక్ చేస్తూనే ఉన్నాయి.

రామచంద్రపురం 2022 ఏప్రిల్ నుంచి కోనసీమ జిల్లాలో ఉంది గానీ, అసలైన లంకల కోనసీమ గోదావరి పాయ గౌతమికి అవతలి ఒడ్డు. ఇది ఇవతలి ఒడ్డు ఊరు. అమలాపురం వైపు వెళ్లాల్సిన సరుకు ఈ దారిన వచ్చిందంటే కోటిపల్లి దగ్గర ఏరు అడ్డం పడేది, ముక్తేశ్వరం చేరడానికి పంటు ఎక్కాల్సిందే. ఒకప్పుడు ఈ ఊరికి రైలూ ఉండేది. కాకినాడ–కోటిపల్లి లైను 1928లో వేశారు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చేసరికి, 1940లో, ఆ పట్టాలు పీకి యుద్ధ అవసరాలకి తీసుకుపోయారు. మళ్లీ రైలు తిరిగింది 2004లోనే. అరవై ఏళ్లకు పైగా ఈ ఊరి బరువంతా కాలువ మీదా రోడ్డు మీదా పడింది. పడవ కాలం చెల్లాక మిగిలింది రోడ్డొక్కటే.

ఆ యుద్ధమే మనకి లారీలనీ ఇచ్చింది. పెట్రోలుకి రేషను పెట్టిన ఆ రోజుల్లో మద్రాసు రాష్ట్రమంతటా బొగ్గు బస్సులు తిరిగాయి. వెనక డ్రమ్ములో బొగ్గు మండించి, ఆ గ్యాసుతో ఇంజను నడిపేవారు. యుద్ధం ముగిశాక సైన్యం దగ్గర మిగిలిన బళ్లు వేలానికొచ్చాయి. మిలటరీ డిస్పోజల్ లారీ అనే మాట మా ఇంట్లో పెద్దవాళ్ల నోట నేను విన్నదే. వాటిలో అమెరికా బళ్లూ ఉన్నాయి, బ్రిటిష్ బెడ్‌ఫోర్డులూ ఉన్నాయి. ఇంగ్లండులో వాక్సాల్ కంపెనీ 1931లో మొదలుపెట్టిన బెడ్‌ఫోర్డు బండి యుద్ధకాలంలోనే రెండున్నర లక్షల దాకా తయారైంది. అలా దొరికిన లారీలతోనే మన వైపు చాలామంది రైతులు, వ్యాపారులు ఓనర్లయ్యారు.

మిత్రుడు చెప్పిన మేస్త్రీ షెడ్డు ఊరి చివర ఉంది. రేకుల కప్పు, నేలంతా రంపపు పొట్టు, ఇనప రజను. మేస్త్రీ గారికి డెబ్భై దాటాయి. నాన్నగారు ఎద్దుబళ్లు చేసేవారట. చక్రం కుండలో ఆకులు దిగ్గొట్టడం, కమ్మీ వేడిచేసి తొడగడం చిన్నప్పుడే నేర్చుకున్నాడు. ఎడ్లబండి గిరాకీ తగ్గాక లారీ బాడీలకి వచ్చాడు. ‘‘పని మారలేదండి, బండి మారింది’’ అన్నాడు. వెనక్కి తీసుకెళ్లి కామెట్‌ని చూపించాడు. ఇంజను ఏనాడో అమ్మేశారు. ఆఖరి రోజుల్లో రైసు మిల్లుకి ఊక తోలిందట. బాడీ ఎడమ పక్క పాడైపోయింది గానీ కుడి పక్క, అడుగు, వెనక డోరు నిలిచే ఉన్నాయి.

నేను చూడాలనుకున్నది అడుగుభాగం. గోనె పరుచుకుని కిందకి దూరాను. చట్రం ఇనుప దూలాల మీద నేరుగా బాడీ కూర్చోలేదు. రెండు దూలాల మీదా ఈ చివర నుంచి ఆ చివర దాకా మద్ది చెక్క రన్నర్లు ఉన్నాయి. ఇనుముకీ చెక్కకీ మధ్య పాత మిషను బెల్టు ముక్కలు పరిచారు. ఈ రెండింటినీ కలిపి పట్టుకున్నవి యూ బోల్టులు. చట్రానికి ఎక్కడా కొత్తగా కొట్టిన బెజ్జం లేదు. ఎందుకని అడిగితే మేస్త్రీ గారు చట్రం దూలం పై అంచు మీద చెయ్యి వేసి చూపించాడు. ‘‘ఇక్కడ బెజ్జం పెట్టామనుకోండి, రేపు అక్కడే విరుగుద్దండి. ఈ పనిలో నేను మొదట నేర్చుకున్నది అదే.’’

లారీ చట్రాలు చేసే కంపెనీల ఇంజనీర్లు బాడీ బిల్డర్లకి చెప్పే నియమం కూడా ఇదే. చట్రం ఒక నిచ్చెన లాంటి నిర్మాణం. గతుకు రోడ్డు మీద ముందు ఎడమ చక్రం లేచినప్పుడు, వెనక కుడి చక్రం దిగినప్పుడు ఆ నిచ్చెన మెలిపడాలి, మళ్లీ సర్దుకోవాలి. దాన్ని మెలిపడనివ్వకుండా పైన బిగుసుకుపోయే పెట్టె పెడితే, ఎక్కడో ఒకచోట చట్రమో పెట్టో పగులుతుంది. చెక్క రన్నరు ఆ మెలికలో కొంత తాను పుచ్చుకుంటుంది. యూ బోల్టు వెంట్రుకవాసి జారుతుంది. కొత్త బండి కొద్ది రోజులు తిరిగాక తీసుకొచ్చి ఆ బోల్టులు మళ్లీ బిగించాలన్నది అందుకే. ఇంగ్లండు ల్యాంకషైరులోని లేలాండు ఇంజనీరు లెక్క వేసి చెప్పినదాన్నే ఇక్కడి వడ్రంగి విరిగిన చట్రాలు చూసి తెలుసుకున్నాడు.

రన్నర్ల మీద అడ్డ దూలాలు, వాటి మీద నిలువుగా పలకలు. పలక పలక్కీ మధ్య సన్నటి సందు వదిలారు, తడిస్తే ఉబ్బడానికి. పక్క గోడలకి చెక్క స్తంభాలు, మూలల్లో ఇనప యాంగిళ్లు, రాపిడి తగిలే ప్రతి అంచుకీ ఇనప పట్టీ. దూలాలకి మద్ది, దెబ్బలు తినే చోట తుమ్మ, క్యాబిన్ చట్రానికి టేకు వాడేవారట. క్యాబిన్ కూడా ఈ షెడ్డులోనే పుట్టేది. లోపల చెక్క ఎముకలు, బయట రేకు తొడుగు, డ్రైవరు వెనక పడుకోవడానికి బల్ల, నెత్తి మీద టార్పాలిను పెట్టుకునే చోటు. కామెట్ క్యాబిన్ తలుపు ఒకటి ఇంకా గోడకి ఆనించి ఉంది. దాని రేకు తుప్పుపట్టి ఊడిపోయినచోట లోపలి టేకు ఫ్రేము కనిపించింది. మూల అతుకులో నా గోరు దూరలేదు.

ఈ కామెట్ మన దగ్గరికి వచ్చిన దారి చిన్న కథ కాదు. రఘునందన్ శరణ్ 1948లో అశోక్ మోటార్స్ పెట్టి, మద్రాసు దగ్గర ఎన్నూరులో ఆస్టిన్ కార్లు బిగించడం మొదలుపెట్టారు. 1950లో లేలాండుతో ఒప్పందం కుదిరింది, 1951లో కామెట్ చాసిస్‌ల బిగింపు మొదలైంది, 1955లో అశోక్ లేలాండు అనే పేరు వచ్చింది. ఆ లేలాండు 1896లో ఆవిరి బండితో మొదలైన కంపెనీ. అంతకుముందే తెలుగు నేల మీద బ్రిటిష్ బళ్లు ఉన్నాయి. నిజాం రైల్వే రోడ్డు రవాణా శాఖ 1932లో 27 బస్సులతో మొదలైంది, ఆనాటి ఆల్బియన్ బస్సులు గ్లాస్గో నుంచి వచ్చినవే. 1954లో టాటా–మెర్సిడెస్ లారీలు జర్మన్ పద్ధతిలో వచ్చేదాకా, ఆ తర్వాతా మద్రాసు వైపు రోడ్లు కామెట్‌ని గట్టిగా నమ్మాయి. అదే మద్రాసులో సింప్సన్ కంపెనీ పెర్కిన్స్ డీజిల్ ఇంజన్లు తయారుచేయడం మొదలుపెట్టాక, పాత పెట్రోలు లారీల్లో ఇంజను పీకి డీజిలు పెట్టించుకున్న ఓనర్లు ఎందరో. ఇంజను మారినా బాడీ మారేది కాదు.

మరి బాడీ తనే లేచి సరుకు దించే టిప్పరు? అది ఇంగ్లండులో ఎలా పుట్టిందో తెలిస్తే మన దగ్గర ఎందుకు ఆలస్యమైందో తెలుస్తుంది. అక్కడ బొగ్గు, కంకర, ఇసుక, సున్నపురాయి తోలే వ్యాపారానికి కూలీ ఖరీదెక్కువ, లారీ ఆగితే నష్టం. మొదట చేత్తో హ్యాండిలు తిప్పి మరచుట్టుతో బాడీని లేపేవారు. తర్వాత నూనె ఒత్తిడితో లేచే జాకీ వచ్చింది. ఇంజను తిరుగుడు గేర్‌బాక్సు నుంచి ఒక పక్క షాఫ్టుకి, అక్కణ్ణుంచి నూనె పంపుకి, పంపు నుంచి బాడీ కింది సిలిండరుకి వెళుతుంది. ల్యాంకషైరు బోల్టన్ పట్టణంలో బ్రోమిలో అండ్ ఎడ్వర్డ్స్ కంపెనీ చేసిన ఈ జాకీలే తర్వాత ఎడ్‌బ్రో పేరుతో ప్రపంచమంతా తెలిశాయి.

టిప్పరు బాడీ కట్టేవాడికి మామూలు లారీ బాడీలో లేని చిక్కులున్నాయి. బాడీ లేచినప్పుడు బరువంతా వెనక కీలు పిన్నుల మీదా, జాకీ తల తాకే చోటా పడుతుంది. అందుకే చట్రం మీద మరో చట్రం వేసి బరువుని పరుస్తారు. వెనక డోరు కిందా పైనా రెండు చోట్లా కీళ్లతో ఉంటుంది. ఎత్తుకునేటప్పుడు కిందకి వాలుతుంది, దింపేటప్పుడు పైనుంచి వేలాడుతుంది. బాడీ వెడల్పు ముందుకంటే వెనక కాస్త ఎక్కువ ఉంచుతారు, జారే సరుకు పక్కలకి పట్టేయకుండా. పొడి ఇసుక ముప్ఫై నాలుగైదు డిగ్రీల వాలుకే జారుతుంది, తడి ఇసుక అంత సులువుగా కదలదు. కాబట్టి బాడీ నలభై అయిదు డిగ్రీలకి పైగా లేవాలి. అంత ఎత్తు లేపినా లారీ పక్కకి ఒరగకూడదు గనక బాడీ పొట్టిగా ఉంచి, ముందు వెనక చక్రాల మధ్య దూరం తగ్గించారు. 1939లో వచ్చిన బెడ్‌ఫోర్డు ఓ తరగతి లారీలో పొడుగు బండికి ఇరుసుల మధ్య 13 అడుగులుంటే, టిప్పర్లకి వాడిన పొట్టి బండికి 9 అడుగుల పైచిలుకు.

ఇంకో సంగతి నాకు చాలా ఆసక్తిగా తోచింది. 1930లలో బ్రిటన్ చట్టం ప్రకారం లారీ ఖాళీ బరువు రెండున్నర టన్నులు మించితే గంటకి 20 మైళ్లకి మించి నడపకూడదు. అంతకన్నా తేలిక బండికి 30 మైళ్లు. పెద్ద లారీలకి ఆ 20 మైళ్ల హద్దు 1957 దాకా ఉంది. దాంతో అక్కడి బాడీ బిల్డరు ప్రతి పౌనూ లెక్కపెట్టాడు. ఫ్రేముకి తేలికగా ఉండి వంగే యాష్ చెక్క, బరువు మోసే చోట మాత్రమే ఓక్, ఆపై క్రమంగా అల్యూమినియం మిశ్రమలోహాల బాడీలు. మన మేస్త్రీకి ఆ చట్టం లేదు. ఆయన ఎదురుగా ఉన్నది గతుకు రోడ్డు, పరిమితికి మించి ఎక్కించే ఓనరు. కాబట్టి ఆయన తేలిక కోసం కాదు, గట్టిదనం కోసం కట్టాడు. ఒకే చట్రం మీద రెండు దేశాల్లో రెండు రకాల బాడీలు రావడానికి మూలం ఇది.

ఈ తేడా కొలతల్లో ఇంకా బాగా కనిపిస్తుంది. మన దగ్గర ఇసుక లెక్క యూనిట్లలో, యూనిట్టంటే 100 ఘనపుటడుగులు. ఘనపుటడుగు ఇసుక దాదాపు 100 పౌన్లు తూగుతుంది, తడిదైతే ఇంకా ఎక్కువ. అంటే ఒక్క యూనిట్టే నాలుగున్నర టన్నులు. అయిదు టన్నుల బెడ్‌ఫోర్డు మొయ్యాల్సింది అంతే. పదడుగుల పొడవు, ఆరున్నర వెడల్పు బాడీలో ఒక యూనిట్టు పోస్తే అడుగున్నర ఎత్తు చాలు. పాత బ్రిటిష్ టిప్పర్ల ఫొటోల్లో పక్క గోడలు అంత పొట్టిగా ఉండటానికి కారణం ఈ లెక్కే. మేస్త్రీ గారి దగ్గర ఈ మాటంటే తల ఊపాడు. ‘‘ఓనరు గారు గోడ పెంచమనేవారండి. పెంచితే చట్రం ఒప్పుకోదండీ అంటే, నువ్వు కట్టు, నేను చూసుకుంటా అనేవారు.’’ ఇంగ్లండులోనూ ఓనర్లు గోడల మీద అదనపు పలకలు పెట్టించారు. ఆశ ఎక్కడైనా ఒకటే, దాని బరువు మోసేది కమాను కట్టలు, దాని ప్రమాదం మోసేది డ్రైవరూ, క్లీనరూ.

గౌతమి ర్యాంపుల నుంచి ఇసుక తోలిన లారీలు చాలాకాలం టిప్పర్లు కావు. జాకీ లేదు. ఇసుక ఎత్తడానికీ, దింపడానికీ పారలూ తట్టలూ పట్టుకున్న మనుషులే. వెనక డోరు వదిలి, మొదట కాళ్లతో తోసి, తర్వాత పారతో గుంజి, చివరికి చీపురుతో ఊడ్చి దింపేవారు. జాకీ వేసిన డిస్పోజల్ బండి ఒకటి తన చిన్నతనంలో చూశానని మేస్త్రీ గారు చెప్పాడు. సీళ్లు పాడై నూనె కారిపోతుంటే కొత్త సీలు దొరక్క, చివరికి జాకీ తీసి పక్కన పారేసి, బాడీని చట్రానికి మామూలుగా బిగించేశారట. అప్పట్లో విదేశీ స్పేరు పార్టు దొరకడం గగనం, కూలీ దొరకడం తేలిక. యంత్రం చెయ్యాల్సిన పని మనుషుల నడుముల మీద పడింది. ఆ ఇసుకతో కట్టిన ఇళ్లలో బతుకుతున్నవాళ్లం గనక ఆ నడుముల్ని గుర్తు చేసుకోవాలి.

ఇప్పుడు రోడ్డు నిండా హైవా కంపెనీ జాకీలు వేసిన టిప్పర్లే. 1979లో నెదర్లాండ్స్‌లో మొదలైన ఆ కంపెనీ జాకీ బాడీ ముందు గోడ దగ్గర నిలబడి, గొట్టంలోంచి గొట్టం సాగినట్టు లేస్తుంది. బాడీ మొత్తం ఉక్కు రేకు, మర్ల బదులు వెల్డింగు, అడుగు గుండ్రంగా వంచిన తొట్టి. పని త్వరగా అవుతుంది, మనుషుల నడుములు విరగవు. దానికి నేను సంతోషించాను. క్యాబిను కూడా కంపెనీ నుంచే వస్తోంది, 2025 అక్టోబరు నుంచి తయారయ్యే పెద్ద లారీల క్యాబిన్లకి ఏసీ తప్పనిసరి. డ్రైవరు వేడి ఇంజను పక్కన ఉడికిపోయిన రోజులు తలచుకుంటే ఇది రావాల్సిన మార్పే, ఆలస్యంగా వచ్చింది. మేస్త్రీ గారి షెడ్డులో ఇప్పుడు విరిగిన పలకల మరమ్మతు, ట్రాక్టరు ట్రక్కులకి అడుగు పలకలు వేయడం తప్ప కొత్త బాడీ పని లేదు. కొడుకు వెల్డింగు నేర్చుకున్నాడు.

అయితే ఒక విషయం మాత్రం నాకు మింగుడుపడలేదు. పాత బళ్లని కాపాడటానికి 2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాల నియమాలు తెచ్చింది. యాభై ఏళ్లు దాటిన బండికి ప్రత్యేక నంబరు, పదేళ్ల రిజిస్ట్రేషను. కానీ అవి ద్విచక్ర వాహనాలకీ, సొంతానికి వాడుకున్న కార్లకీ మాత్రమే. లారీకి అందులో చోటు లేదు. రాజుగారి కారు వింటేజ్ అవుతుంది, ఊరంతటి బియ్యం మోసిన లారీ తుక్కు అవుతుంది. ఇది అన్యాయం. ఇంగ్లండులో లేలాండు పట్టణంలోనే 1983 నుంచి వాణిజ్య వాహనాల మ్యూజియం నడుస్తోంది. అక్కడ లారీలు, బస్సులు, వ్యాన్లు చరిత్రగా నిలబడి ఉన్నాయి. ఆ తరహా లారీలు మన చేతుల్లో తయారైన బాడీలతో మన రోడ్ల మీదా తిరిగాయి. వాటి జాడ మన దగ్గర ఒక్కటైనా ఉండాలా వద్దా?

రామచంద్రపురం షెడ్డు వెనకున్న ఆ కామెట్‌ని ఓనరు కుటుంబం తుక్కు కింద అమ్మే ఆలోచనలో ఉంది. కిలో లెక్కన ఇనుము ధర వస్తుంది, చెక్కకి ఏమీ రాదు. మేస్త్రీ గారి సాయంతో టేపు పట్టి రన్నరు మందం, అడ్డ దూలాల ఎడం, వెనక డోరు కీళ్ల కొలతలు రాసుకున్నాను. ఆయన చేతి కొలతలు జానల్లో ఉన్న పాత నోటు పుస్తకం ఒకటి బయటికి తీశాడు, ప్రతి పేజీనీ ఫొటో తీశాను.

మండపేట, రామచంద్రపురం, రాజమండ్రి, విజయవాడ లారీ ఓనర్ల సంఘాల పెద్దలకి నా మనవి ఒక్కటే. మీ సంఘ భవనాల ముందు ఒక్క పాత లారీకి, చెక్క బాడీతో సహా, నీడ కల్పించండి. ఇంట్లో తాతల నాటి ఆర్‌సీ పుస్తకాలు, బాడీ షెడ్డు రసీదులు, చాసిస్ తోలుకొచ్చినప్పటి ఫొటోలు ఉన్నవాళ్లు వాటిని పాత కాగితాలవాడికి వెయ్యకండి. చెక్క బాడీ కట్టడం తెలిసిన మేస్త్రీలు మీ ఊళ్లో ఉంటే ఈ ఏడాదే వెళ్లి కూర్చుని, కొలతలతో సహా రాసుకోండి. వాళ్లలో చిన్నవాళ్లకే అరవై దాటాయి.